కొంగ వాలని బుట్ట

డ్రమ్‌కారన్, ఫెర్మానా
5 మార్చి 1958

అక్కా,

చూశావా మరి, అడుగు చూసే మనుషుల్ని టీకి పిలవొద్దని నేను ముందే మొత్తుకున్నాను. పింగాణీ పిచ్చి పట్టినవాళ్ళు ఎవరింటికెళ్ళినా కప్పు బోర్లించి చూస్తారు, అందులో టీ ఉందో లేదో చూడరు. మీ ఓగిల్వీ అమ్మగారు నీ పింగాణీ బుట్ట తిరగేసి సరిపెట్టింది, నయం. మొన్న మా కార్ఖానా చూడ్డానికి వచ్చినావిడ నన్నే తిరగేసేలా ఉంది. నేను మట్టి పోగులు అల్లుతుంటే పక్కన నిలబడి అరగంట చూసి, "ఇతను ఎప్పటివాడు?" అని మేనేజర్నడిగింది. "పంతొమ్మిది వందల నాలుగు సరుకమ్మా, అక్కడక్కడా పగుళ్ళున్నాయి" అన్నాను. ఆవిడ నవ్వింది. మేనేజరు నవ్వలేదు. ఆయన మొహం ఒకసారి బట్టీలో పెట్టి తీసింది, ఇక కదలదు.

సరే, బుట్ట అడుగున ముద్ర లేదేమని నువ్వడిగినదానికొస్తాను. మీ ఓగిల్వీ అమ్మగారి నోటుపుస్తకంలో ఉన్నది నిజమే. మన సరుకు అడుగున కొంగ ముద్ర ఉంటుంది. తాతల నాడు నల్ల కొంగ. ఏ దేశపు సరుకో రాయందే దింపుకోబోమని అమెరికావాళ్ళు పేచీ పెడితే, దాని కాళ్ళ కింద ఐర్లండ్ అని చేర్చారు. ఇప్పుడు ఆకుపచ్చ కొంగ. దాన్ని చూసి వీళ్ళు ఏ కాలపు సరుకో చెప్పేస్తారు. మా పని చూసేవాళ్ళకంటే మా పని కింద చూసేవాళ్ళే ఎక్కువయ్యారు.

కానీ ఆ కొంగ ఊరికే వాలదుగా. కాల్చి, మెరుగు పూసి, మళ్ళీ కాల్చి, తనిఖీ బల్ల మీద నెగ్గితేనే వాలుతుంది. నెగ్గకపోతే చేసినవాడే సుత్తి తీసుకుని పగలగొట్టాలి. కరువు పోయాక, ఒక రైతు ఇంటి సున్నపు గోడ అంతలా ఎందుకు మెరుస్తోందా అని దొరగారు నేల తవ్వించి, ఈ మట్టి దొరికి, కార్ఖానా పెట్టిన రోజునుంచీ అదే రూలు. తప్పున్న సరుకు గేటు దాటదు. అందులోనూ నాన్న! నలభై ఏళ్ళు బుట్టలు అల్లిన మనిషి, తన బుట్టలో తప్పు తనిఖీవాడికంటే ముందు తనే పట్టుకుని పగలగొట్టిన మనిషి.

కాబట్టి కొంగ లేదంటే అది నాన్న చేతిది కాదు. నాన్న చేతిలోంచి ముద్ర లేని బుట్ట బయటికొచ్చిందంటే ఎర్న్ నది వెనక్కి పారినట్టే. అమ్మ ఏ సంతలోనో కొని, నాన్న పంపాడని రాసి ఉంటుంది. అమ్మకి అలాంటి చిన్న చిన్న పుణ్యాలు అలవాటేగా. ఒకవేళ నిజంగా మన కార్ఖానాదే అయితే ఇంకా సుత్తి పని మిగిలే ఉందన్నమాట!

ఆవు ఈనింది, పెయ్యదూడ. మా ఇంటావిడ యూనా దానికి మేనేజరు భార్య పేరు పెట్టింది, బయట చెప్పకు. బావ దగ్గు ఎలా ఉంది?

నీ తమ్ముడు
మలకీ


గోవన్, గ్లాస్గో
11 మార్చి 1958

తమ్ముడూ,

ఉత్తరం అందింది. ఆర్చీ దగ్గు అలాగే ఉంది. ఓడలకి మేకులు కొట్టీ కొట్టీ ఆ మోత గుండెల్లోకి దిగింది, తగ్గమంటే తగ్గుతుందా. పై వాటాలో కొత్తగా వచ్చినవాళ్ళు పియానో తెచ్చారు. వాయించడం రాదు.

బుట్ట గురించి నువ్వు రాసింది మూడుసార్లు చదివాను.

నీకు గుర్తుందో లేదో, ఆర్చీది వేరే చర్చి అని నాన్న నా పెళ్ళికి రాలేదు. ఆ తర్వాత నా పేరే ఎత్తడం లేదని నువ్వే రాశావు. ఇరవై ఆరో సంవత్సరం జూన్‌లో పెళ్ళి. మరుసటి ఏడు వసంతంలో రంపపు పొట్టులో పెట్టి ఈ బుట్ట వచ్చింది. "మీ నాన్న పంపాడు" అని అమ్మ రాసిన చీటీ. అంతే. నాన్న రాయలేడు, సంతకం తప్ప. అందుకే ఆ బుట్టే ఉత్తరమనుకున్నాను. ఆయన పోయినప్పుడు నేను పురిటి మంచం మీద ఉన్నాను, రాలేకపోయాను. అప్పుడు కూడా, పోనీలే, బుట్ట పంపాడుగా, కోపం పోయిందిగా అనుకుని ఏడుపు ఆపుకున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు ప్రతి ఆదివారం పసిపిల్లల తల దువ్వే బ్రష్షుతో దాని దుమ్ము దులిపాను. అందులో ఒక్క ఆపిల్ పండు పెట్టలేదు, బరువవుతుందని.

ఓగిల్వీ అమ్మగారు ముద్ర లేదనే కాదు, ఇంకోటి కూడా చూపించింది. పిడి పక్కన మూడో గులాబీ కింద వెంట్రుక వాసి పగులు. నేను ఏనాడూ చూడలేదు. "పోనీలెండి, జ్ఞాపకంగా ఉంచుకోండి" అని నా చెయ్యి తట్టింది, ఎవరో పోయినట్టు.

ఇప్పుడు నువ్వు చెప్పు. అది నాన్నది కాకపోతే, అమ్మ నాతో అబద్ధమాడింది, ఆయన నాకు ఒక్క మాట చెప్పకుండానే పోయాడు. నాన్నదే అయితే, పరాయివాళ్ళకి కొంగ వాలినవి, కూతురికి పగలగొట్టాల్సినది. ఎటు చూసినా ఒకటే.

నేనూ ఆ ఇంటి పిల్లనే కదా. తప్పున్నది ఉంచకూడదని నాకూ తెలుసు. ఈస్టర్‌కి ఇల్లు సర్దుతాను. ముందు రోజు శనివారం ఆ మిగిలిన పని నేనే చేస్తాను.

యూనాని అడిగానని చెప్పు.

డింప్నా


డ్రమ్‌కారన్
15 మార్చి 1958

అక్కా,

ఇందులో షామ్రాక్ మూడాకు పెట్టాను, మన ఐర్లండ్ పండగ రోజుకి కోటుకి పెట్టుకో. ఆర్చీ బావక్కూడా ఒకటి. ఆయన చర్చివాళ్ళు అడిగితే కూరలో వేసే పార్స్లీ అని చెప్పమను.

సుత్తి పని నువ్వే చేస్తానన్నావు, భేష్. మొత్తానికి మన వంశంలో ఆడపిల్లకి కూడా తనిఖీ బల్ల దగ్గర చోటు దొరికింది. పెద్ద సుత్తి వాడకు, పియానోవాళ్ళు పోటీ అనుకుంటారు. కింద గోనెసంచి పరుచుకో. పెంకులు కాలికి గుచ్చుకుంటే ఆరునెలలు పుండు మానదు. ఒకటే దెబ్బ కొట్టాలి, నాన్న లాగా. రెండో దెబ్బ కొట్టేవాడికి పని రాదని ఆయన లెక్క.

ఇక్కడ వాన. ఈస్టర్ ముందు ఏదో ఒకటి వదులుకునే తపస్సుకాలమని యూనా నా పొగాకు దాచేసింది. ఆవిడ త్యాగాలన్నీ నాచేత చేయిస్తుంది.

పండగ శుభాకాంక్షలతో,
మలకీ


గోవన్
24 మార్చి 1958

మలకీ,

ఆకు అందింది, వాడిపోయింది.

గోనెసంచి ఉంది. ఒకటే దెబ్బ కొడతాను.

ఈస్టర్ తర్వాత నాకు కొన్నాళ్ళు రాయకు.

డింప్నా


డ్రమ్‌కారన్
1 ఏప్రిల్ 1958

అక్కా, అక్కా, ఆగు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా సుత్తి ముట్టుకోకు.

నీ నాలుగు ముక్కల ఉత్తరం శుక్రవారం వచ్చింది. నేను చదివి, "అక్క భలే జోకేసింది" అని యూనాకిచ్చాను. ఆవిడ చదివింది. తర్వాత పాతది అడిగి తీసుకుని చదివింది. నేను నీకేం రాశానో చెప్పమంది. చెప్పాను. అక్కా, ఈ పాతికేళ్ళ కాపురంలో ఆవిడ నావైపు అలా ఎప్పుడూ చూడలేదు, గొడ్డలి బావిలో పడేసిన రోజు కూడా.

"ఏమయ్యా, నువ్వు మనిషివేనా? తల్లి అబద్ధమాడిందని, తండ్రి ఉలకలేదని పలకలేదని నువ్వే చెప్పి, గోనెసంచి పరుచుకోమన్నావా?"

"నవ్వులాటకి రాసిందనుకున్నానే."

"నవ్వులాటకి రాసింది నువ్వు. ఆవిడ ఏడుస్తూ రాసింది. మీ ఇంట్లో అన్నమాట వెనక్కి తీసుకున్నవాడు ఒక్కడున్నాడా? శనివారమంటే శనివారమే పగలగొడుతుంది. పో, ఎవర్నైనా అడుగు, ఆ బుట్ట సంగతేంటో."

ఎవర్నడగను? నాన్న కాలంవాళ్ళు ఎవరున్నారు? ఫెలిం కీనన్ బాబాయ్ ఒక్కడే. అదే, తనిఖీ బల్ల దగ్గర ముప్ఫై ఏళ్ళు కూర్చున్న ఫెలిం. ఇప్పుడు ఎనభై నాలుగు. వంతెన అవతల కూతురి దగ్గర ఉంటున్నాడు. కళ్ళకి శుక్లాలొచ్చాయి. మొన్న మట్టలాదివారం చర్చిలో పూజ అయ్యాక వెళ్ళాను. సోడా రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు, సగం రొట్టెకి, సగం బల్లకి.

"బాబాయ్, నాన్న బుట్ట ఏదైనా ముద్ర లేకుండా గేటు దాటిందా?"

కత్తి ఆపాడు. "ఎవర్రా అడుగుతున్నది? మేనేజరా?"

"కాదు, మా డింప్నా అక్క."

"మేనేజరుకి చెప్పవుగా?"

"ఈ వయసులో నీ ఉద్యోగం పీకేస్తాడా ఏంటి?"

"ఉద్యోగం పోయింది కానీ పేరుందిరా ఇంకా. తలుపెయ్యి."

వేశాను. అప్పుడు చెప్పాడు. ఆయన అన్నమాటలు అన్నట్టే రాస్తున్నాను, ఒక్క ముక్క కలపలేదు.

"పంతొమ్మిది వందల ఇరవై ఏడు, ఫిబ్రవరి. మీ నాన్న చలికాలమంతా పని అయ్యాక ఉండిపోయి బుట్టలల్లాడు. ఎవరికని అడిగితే మట్టి పిసకడంలో పడ్డాడు. ఒకటి బట్టీలోంచి వచ్చింది. నా బల్ల మీద పెట్టి తిప్పాను. మూడో గులాబీ కింద పగులు. నేను చూశాను, ఆయనా చూశాడు. సుత్తి చేతికిచ్చాను. ఆ సుత్తి నా దగ్గర వందసార్లు తీసుకునుంటాడు, తీసుకోవడం కొట్టడం ఒకటే. ఆ రోజు పట్టుకుని నిలబడ్డాడు. నిలబడి నిలబడి, కింద పెట్టేశాడు.

"'ఇంకోటి చేద్దువులే' అన్నాను.

"'ఇది మూడోది' అన్నాడు.

"'మొదటి రెండూ?'

"'పగలగొట్టాను.'

"ఆయనే అన్నాడు, 'ఆ పిల్లకి నేను చేసింది చాలు, ఫెలిం. ఇది నా వల్ల కాదు.' అప్పుడు తెలిసింది నాకు, ఎవరికో. నేను లేచి కిటికీ దగ్గరికెళ్ళి నది చూశాను. చాలాసేపు చూశాను. నది బాగానే ఉంది. వెనక్కి తిరిగితే సుత్తి ఉంది, బుట్ట లేదు. ఆ రోజు వాన లేదురా, ఎండ కాస్తోంది. మీ నాన్న ఓవర్‌కోటు బొత్తాలన్నీ పెట్టుకుని గేటు దాటాడు. పట్టుబడితే నలభై ఏళ్ళ పేరు, ఉద్యోగం, రెండూ పోయేవి. నేను పుస్తకంలో పగిలినవి ఒకటి అని రాసుకున్నాను. నా ఉద్యోగం మొత్తంలో రాసిన ఒకే ఒక్క అబద్ధం."

"ఫాదర్ దగ్గర ఒప్పుకున్నావా మరి?"

"ఫాదర్‌కి పింగాణీ ఏం తెలుసురా" అన్నాడు, మళ్ళీ వెన్న రాసుకుంటూ.

అక్కా, నా మొదటి చలికాలం నాన్న నాచేత పదకొండు బుట్టలు పగలగొట్టించాడు. ఒక్కదానికీ కిటికీలోంచి నది చూసినవాడు లేడు. ఆయన చేతి మంచి బుట్టలన్నీ ఊరూపేరూ తెలియనివాళ్ళ ఇళ్ళల్లో ఉన్నాయి, కొంగలతో సహా. నా దగ్గర ఒక్కటీ లేదు. ఇంటివాళ్ళకి దక్కింది నీ దగ్గరున్న ఆ ఒక్కటే.

ఆయన చేతిది కాదని రాసింది నేను. తప్పు నాది. నాన్న గురించి నాకంతా తెలుసనుకున్నాను.

టెలిగ్రాం ఇద్దామంటే మన పోస్టాఫీసావిడ ప్రతి ముక్కా పైకి చదివి రాస్తుంది, ఫెలిం బాబాయ్‌కి మాటిచ్చాను. కారణం చెప్పకుండా "పగలగొట్టకు" అంటే నువ్వు వినే మనిషివా?

ఇంకొకటి. తారీఖు వేశాక చూసుకున్నాను. ఏప్రిల్ ఒకటి. చిన్నప్పటినుంచీ ఈ తారీఖున నీతో ఆడిన అబద్ధాలన్నీ ఇవాళ నా పీక మీద కూర్చున్నాయి. రెండని వేద్దామనుకున్నాను. అదీ అబద్ధమే అవుతుంది. రేపటిదాకా ఆగితే శనివారానికి అందదు. దేవుడి తోడు, అమ్మ తోడు, ఇది జోకు కాదు.

మలకీ


గోవన్
7 ఏప్రిల్ 1958, ఈస్టర్ సోమవారం

ఒరేయ్ మలకీ,

నీ ఉత్తరం శనివారం పొద్దున పదింటికి వచ్చింది. అప్పటికి నేను వంటగదిలో గోనెసంచి పరిచి, దాని మీద బుట్ట పెట్టి, సుత్తి కోసం వెతుకుతున్నాను. సుత్తి ఉండాల్సిన చోట లేదు. మెట్ల కింద లేదు. బొగ్గుల గదిలో లేదు.

"ఆర్చీ, సుత్తేది?"

"యార్డుకి తీసుకెళ్ళాను, బుధవారం."

"ఓడలు కట్టే యార్డులో సుత్తులు లేవా?"

"తక్కువయ్యాయి" అన్నాడు, పేపరు దించకుండా.

ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఆ మనిషి నాతో ఆడిన మొదటి అబద్ధం. సుత్తి నిన్న ఆయన మంచి బూట్లలో దొరికింది. నేను పక్కింటికెళ్ళి అడిగితెచ్చుకోబోతుంటే పోస్టతను వచ్చాడు.

తారీఖు చూసి చింపబోయాను. ఆర్చీ పేపరు దించాడు. "చదివి చింపు" అన్నాడు.

చదివాను. ఎందుకు నమ్మానో చెప్పనా? నువ్వు దేవుడి తోడన్నావని కాదు, నువ్వు దేవుణ్ణి చాలాసార్లు వాడావు. నీ అబద్ధాల్లో నాన్న ఎప్పుడూ బోలెడు మాట్లాడతాడు. గుర్తుందా, నాకు పదేళ్ళప్పుడు, నాన్న నన్ను సర్కస్‌కి పంపుతానన్నాడని నువ్వు చెప్పిన కథ? అందులో ఆయన ఫాదర్‌లా ప్రసంగం చేశాడు. ఇందులో నాలుగు ముక్కలే మాట్లాడాడు. అది నాన్నేరా. నువ్వు కల్పించాలన్నా నీకు చేతకాదు.

కింద కూర్చున్నాను, గోనెసంచి మీదే. ఆ పగులు మీద వేలు పెట్టాను. వేలికి తగలనంత సన్నం. ఇంతదానికి రెండు పగలగొట్టి, మూడోదాన్ని కోటు కింద దాచుకుని ఎండలో నడిచాడా? పట్టుబడితే ఏం చెప్పేవాడు? ఆయనకి చెప్పడమే రాదుగా. పైవాళ్ళ పియానోకి పోటీగా ఏడ్చాను. ఆర్చీ టీ పెట్టాడు, ఘోరంగా ఉంది, తాగాను.

నిన్న ఓగిల్వీ అమ్మగారు వచ్చింది. నల్ల కొంగ ఉన్న బుట్ట ఎవరి దగ్గరో అమ్మకానికి ఉందట, నా బుట్ట బదులు అది తీసుకోమంది. "అక్కర్లేదండీ. ఇది మా నాన్న పగలగొట్టలేకపోయినది" అన్నాను. ఆవిడ నోటుపుస్తకం తీసింది, ఎక్కడ రాసుకోవాలో తెలియక మళ్ళీ మూసేసింది. మంచి మనిషే పాపం. ఈసారి కప్పు బోర్లించకుండా టీ తాగింది.

జూలైలో యార్డుకి సెలవులు. ఆర్చీ అడిగాడు, "మీ ఊళ్ళోవాళ్ళు నన్ను లోపలికి రానిస్తారా?" అని. నేను ముప్ఫై రెండేళ్ళుగా నన్ను నేను అడగలేక ఊరుకున్న ప్రశ్న. వస్తున్నాం, ఇద్దరం. బుట్టని నా ఒళ్ళో పెట్టుకుని తెస్తాను. ఫెలిం బాబాయ్‌ని బతికుండమను, చూపించాలి.

నీ మీద కోపం పోలేదు. వచ్చి తీర్చుకుంటాను.

మీ అక్క
డింప్నా


డ్రమ్‌కారన్
19 జూలై 1958

అక్కా,

ఇది పోస్టు చెయ్యను. నువ్వు బస్సు దిగాక నీ చేతిలో పెడతాను. ఎదురుగా ఉంటే నేను జోకులే వేస్తాను, నీకు తెలుసు. కాబట్టి జోకులు కానివి ముందే రాసిపెట్టుకుంటున్నాను.

యూనా పొద్దున్నించి మూడుసార్లు ఇల్లు తుడిచింది. ఆర్చీ బావకని మంచి కుర్చీ అడిగితెచ్చింది, నన్ను దాని మీద కూర్చోనివ్వడం లేదు. ఫెలిం బాబాయ్ కొత్త కాలర్ పెట్టుకుని పదింటినుంచీ మా వంటగదిలోనే ఉన్నాడు. "బాబాయ్, నీకు బుట్ట కనబడదుగా" అంటే, "కనబడదు కాబట్టే తప్పు పట్టలేను. ఈసారి నెగ్గుతుంది" అంటున్నాడు.

అసలు సంగతి. నువ్వు వెళ్ళిపోయిన రోజు నేను రైలు దగ్గరికి రాలేదు. నాన్న వద్దన్నాడని తర్వాత రాశాను. నాన్న వద్దనలేదు అక్కా. నాన్న ఏమీ అనలేదు. నేనే రాలేదు. ఇరవై రెండేళ్ళవాణ్ణి, బల్ల దగ్గర కూర్చుని రోజంతా ఒకే బుట్ట అడుగు అల్లాను, విప్పాను, అల్లాను.

నాన్న నీ పేరెత్తడం లేదని కూడా నేనే రాశాను. అది నిజమే. కానీ సగమే రాశాను. నీ ఉత్తరం వచ్చిన రోజు అమ్మ పైకి చదువుతుంటే, ఆయన బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడేవాడు. అయిపోయాక, "అంతేనా?" అనేవాడు. అమ్మ "అంతే" అంటే, మళ్ళీ మొదటినుంచి చదవమన్నట్టు అక్కడే నిలబడేవాడు. అమ్మ మళ్ళీ చదివేది. నేను పక్కనే ఉండి అన్నీ చూశాను. ఒక్కసారీ నీకు రాయలేదు.

ఎందుకు రాయలేదని ఈ నాలుగు నెలలూ ఆలోచించాను. నువ్వు వెళ్ళిపోయావని అందరికంటే ఎక్కువ కోపం వచ్చింది నాన్నకి కాదు, నాకు. ఆ కోపానికి నాన్న పేరు పెట్టి నీకు పంపాను, అంతే. నువ్వు వెళ్ళాక ఆ ఇంట్లో నా జోకులకి నవ్వే మనిషే లేకుండా పోయింది. నవ్వేవాళ్ళు లేక కాదులే, నువ్వు లేక. అక్కా, నేను నిన్ను ఎప్పుడూ

అదిగో, యూనా అరుస్తోంది, బస్సు వంతెన ఎక్కిందట. "ఏమయ్యా, వస్తావా, ఆవిడొచ్చి నిన్ను దింపుకోవాలా?" అంటోంది. వస్తున్నానే! ఒక్క ముక్క, అక్కా, ఒక్క ముక్క రాసి వచ్చేస్తాను, నేను చెప్పాలనుకున్నది ఏంటంటే, ఆ రోజు రైలు దగ్గరికి గనక నేను వచ్చుంటే నీతో